గడ్డి మిషన్ గొంతు నొక్కిందెవరు?

"ఈ కృష్ణా జిల్లాలో నేరస్థులు ఇంకా తలెత్తుకు తిరుగుతున్నారంటే కారణం ఒక్కటే శౌరయ్యా. నేనింకా పూర్తిగా రంగంలోకి దిగలేదు" అని ప్రకటించాడు బసవపున్నయ్య, ఇడ్లీ ముక్కని చట్నీలో ముంచుతూ.

శౌరయ్య ఇంకో ఇడ్లీ వడ్డించాడు. ఆ పూట బసవపున్నయ్య రంగంలోకే కాదు, స్నానానికి కూడా దిగలేదన్న సంగతి లుంగీ చూస్తేనే తెలుస్తోంది. అయినా ఇల్లు శౌరయ్యది, ఇడ్లీలు శౌరయ్య భార్యవి, మేధస్సు మాత్రం బసవపున్నయ్యది. పటమటలో ఆ వరండాలో రోజూ పొద్దున ఈ మూడూ కలుస్తాయి.

బసవపున్నయ్య ఆర్టీసీలో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాడు. రిటైరైన మర్నాడే ప్రైవేటు డిటెక్టివునని కార్డులు కొట్టించుకున్నాడు. బసవపున్నయ్య అంటే పేరులో గుట్టు లేదని 'బి.పి.' అని కుదించుకున్నాడు. ఆయన పేరు తగ్గింది గానీ, చుట్టుపక్కల వాళ్లందరికీ బీపీ పెరిగింది. శౌరయ్య అదే డిపోలో బందరు రూటు బస్సు డ్రైవరు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆయన రోడ్డు మీద చెయ్యెత్తడం, ఈయన బండి ఆపడం. ఇప్పుడు బస్సు పోయి స్కూటరొచ్చింది. చెయ్యి మాత్రం అలాగే లేస్తోంది, బండి అలాగే ఆగుతోంది.

బి.పి. నేరపరిశోధనంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది. ఇన్‌స్పెక్టరు బస్సెక్కగానే టికెట్ లేనివాడు కిటికీలోంచి బయటికి చూస్తాడట. కాబట్టి బయటికి చూసేవాడల్లా దొంగే. ఈ సూత్రంతో ఆయన ఇంతవరకూ పట్టుకున్న నేరస్థుల సంఖ్య ఎవరూ అడగరు, ఆయనా చెప్పడు. పోయినేడు వీధిలో పెంపుడు కుక్క తప్పిపోతే, తీగ లాగితే డొంకంతా కదులుతుందని ఓ తీగ పట్టుకుని లాగాడు. డొంక కదల్లేదు. ఆ తీగ కేబుల్ టీవీ వాడిది. వీధి వీధంతా కదిలొచ్చింది.

ఇడ్లీ గొంతు దిగేలోపు ఫోను మోగింది. చేసింది రామతులసి, బి.పి.కి అన్నగారి కూతురు, ఉయ్యూరు దాటాక బందరు రోడ్డు పక్కనే కాపురం. గడ్డి కోసే మిషన్ ఆగిపోతోందనీ, అది అమ్మిన షాపువాడి నంబరు ఉంటే ఇమ్మనీ అడిగింది. అంతే అడిగింది. బి.పి. మొహంలో మాత్రం ఫోను వింటున్నకొద్దీ రంగులు మారాయి.

స్టార్ట్ చేస్తే శుభ్రంగా లేస్తుందట. కాసేపు కోస్తుందట. తర్వాత దగ్గి, తుమ్మి, చచ్చిపోతుందట. మెకానిక్కుని పిలిస్తే, వాడొచ్చి మూత తీసి పెట్రోలుందా లేదా చూసి తాడు లాగగానే బుద్ధిమంతుడిలా లేస్తుందట. వాడు గేటు దాటి వెళ్లాక మళ్లీ చావు.

బి.పి. ఫోను పెట్టేసి చెయ్యి కడుక్కున్నాడు. "చంపుతున్నారు, బతికిస్తున్నారు, మళ్లీ చంపుతున్నారు. ఇది చేతబడి కాదు శౌరయ్యా, ఎవడిదో చేతివాటం. బండి తియ్యి."

"ముందు స్నానం చేయండి ఇన్‌స్పెక్టరుగారూ" అన్నాడు శౌరయ్య.

స్కూటరు మీద కంకిపాడు దాటేదాకా శౌరయ్య ఆలోచించింది మిషన్ గురించి కాదు, ఆ పిల్ల గురించి. రామతులసి, ఆమె భర్త జయకృష్ణ కలిసి ఊరి చివర పొలాన్ని చదును చేసి, చుట్టూ కొబ్బరిమొక్కలు పెట్టి, నడుమ పచ్చిక పెంచారు. ఓణీల ఫంక్షన్లకీ, రిసెప్షన్లకీ అద్దెకివ్వాలని వాళ్ల ఆలోచన. ఆలోచన వాళ్లది, పొలం మాత్రం మామగారు వెంకటసుబ్బారావుది. ఆయన చుట్టూ చూస్తే ఊరు ఊరంతా చేపల చెరువులే. గడ్డి పశువులు తింటాయి, చేపలు మనుషులు తింటారు, మన ఇంట్లో ఉన్నది ఏ జాతో ముందు తేల్చుకోండని ఊళ్లో పెద్దల మధ్య కూర్చుని ఒక మాట అనేశాడు. అని ఊరుకోక, ఈ నెలలో ఒక్క ఫంక్షనైనా కుదిరితే సరే, కుదరకపోతే చెరువు తవ్వే పొక్లెయిన్ వస్తుందని కూడా తేల్చేశాడు.

నెల అయిపోవచ్చింది. ఇన్నాళ్లకి ఒక్క బేరం తగిలింది. చల్లపల్లి నుంచి కనకలక్ష్మి అనే పెద్దావిడ, మనవరాలి ఓణీల వేడుకకి చోటు వెతుకుతోంది. ఆ పిల్ల కూచిపూడి నేర్చుకుందిట, పచ్చిక మీదే నాట్యం చేస్తుందిట. అందుకని ఆవిడ చెప్పులు విప్పి, గడ్డి మీద తానే నడిచి చూస్తానందిట. కాలికి గుచ్చుకుందా, ఇంకో చోటు చూసుకుంటుంది. ఆవిడ వచ్చేది మర్నాడే.

అసలీ మిషన్ని ఎంచిపెట్టింది కూడా బి.పి.నే కావడం శౌరయ్యకి ఇంకో బాధ. మొదట్లో జయకృష్ణ వైరు తగిలించే కరెంటు మిషన్ కొందామన్నాడు. పొద్దున పూట కరెంటుకోత ఉన్న ఊళ్లో కరెంటుతో గడ్డికోత ఏం కోస్తావు, కోతలు కోయడం తప్ప అని బి.పి. కొట్టిపారేశాడు. అక్కడిదాకా బాగానే ఉంది. పెట్రోలు మిషన్ కోసం బెజవాడలో షాపులన్నీ తిరిగారు. ఒక షాపాయన మామూలు మిషన్ చూపించి, ఇది అందగాడు కాదుగానీ దీని సామాను ఏ సందులో అడిగినా దొరుకుతుందని నిజాయితీగా చెప్పాడు. చెబుతూ చెబుతూ వీధిలోకి చూశాడు. పాపం, ఆయన బండికి ఎవరో అడ్డంగా ఆటో పెట్టారు. బి.పి. వెంటనే లేచొచ్చేశాడు. పక్క షాపువాడు రెప్ప వేయకుండా కళ్లలోకే చూస్తూ మాట్లాడాడు. పొద్దునే కంట్లో చుక్కలు వేయించుకున్నాడని తర్వాత తెలిసింది. వాడి దగ్గర కొన్నదే ఈ ఫారిన్ సరుకు, పేరు 'గ్రాస్ సుల్తాన్'. ఎర్రటి రంగు, ఠీవిగా ఉంటుంది. దానికి స్పేర్ పార్టులు ఎక్కడ దొరుకుతాయని ఎవరూ అడగలేదు. స్పేర్ పార్టుల సంగతి అంతే. ముందు మనం వాటిని పట్టించుకోకపోతే, తర్వాత అవి మనల్ని స్పేర్ చేయవు.

వాళ్లు వెళ్లేసరికి పచ్చిక సగం గీసి క్షురకుడు పారిపోయిన గడ్డంలా ఉంది. ఒక వైపు నున్నగా, ఒక వైపు మోకాలెత్తు. నడుమ సుల్తాన్ నెత్తిన, నడుమున, చక్రాల మీద పసుపు కుంకం బొట్లతో పెళ్లికొడుకులా నిలబడి ఉన్నాడు. జయకృష్ణ చేతులకి గ్రీజు. రామతులసి ఓ చేత్తో కొడవలి పట్టుకుని, మిగిలింది చేత్తో కోసేద్దామని కూర్చుంది. ఆ గడ్డిని చూస్తే పై నెలాఖరుకి గానీ పూర్తయ్యేలా లేదు.

"బాబాయ్, నేను నంబరడిగానంతే" అంది.

"నేరం జరిగినచోట బంధుత్వాలు మాట్లాడకమ్మా" అన్నాడు బి.పి., గడ్డి మీద బోర్లా పడుకుని మిషన్ కిందికి చూస్తూ.

ఇప్పటికే ప్లగ్గు మార్చామనీ, గాలి ఫిల్టరు కడిగామనీ, ఆయిల్ పోశామనీ జయకృష్ణ చెప్పుకొచ్చాడు. బి.పి. అవేవీ వినలేదు. లేచి, టాంకు మూత తిప్పాడు. 'కుస్' మంది. ఆయన ఉలిక్కిపడి, విన్నావా ఎవరో నిట్టూర్చారు అని శౌరయ్య చెవిలో అన్నాడు. తర్వాత టాంకులో ముక్కు పెట్టి వాసన చూశాడు. పెట్రోలులో పెట్రోలు వాసన రావడం ఆయనకి మరీ అనుమానం కలిగించింది. మూత బిగించి తాడు లాగాడు. సుల్తాన్ ఒక్క గర్జనతో లేచాడు.

"నా ముక్కు చూసి జడుసుకున్నాడు" అని బి.పి. అందరికేసీ గర్వంగా చూశాడు. ఆ చూపు పూర్తయ్యేలోపే జయకృష్ణ తోస్తే కొబ్బరిమొక్కల వరసకి చేరకుండానే సుల్తాన్ దగ్గాడు, తుమ్మాడు, తలవాల్చాడు.

ఇక మిగిలింది విచారణ. వెంకటసుబ్బారావు వరండాలో మడత కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ ఉండాలంటారు. బి.పి. ఒకే మనిషితో రెండూ పెట్టుకోబోతున్నాడని శౌరయ్యకి అప్పుడే అర్థమైంది.

మిషన్ చచ్చిపోయిన వేళల్లో తమరెక్కడున్నారు బావగారూ అని బి.పి. అడిగాడు. అది చచ్చినప్పుడల్లా నేనెక్కడున్నానో గుర్తుపెట్టుకుంటే నాకు వేరే పని ఉండదు బావగారూ అని ఆయన పేపరు తిప్పాడు. తిప్పి, చేనుకేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

బి.పి. శౌరయ్యని పక్కకి లాగాడు. "చూశావా. కిటికీలోంచి బయటికి చూశాడు."

"వరండాకి కిటికీ ఏదండీ?"

"అదే నేననేది. కిటికీ లేకుండానే చూడగలుగుతున్నాడంటే ఎంత ముదురో ఆలోచించు."

ఆలోచించడానికి శౌరయ్యకి ఓపిక లేదు. జయకృష్ణ మటుకు ఇంజనుకి పెట్రోలు అందించే కార్బ్యురేటరు పోయిందని తేల్చాడు. అది మార్చాలంటే ఆటోనగర్ వెళ్లాలి. బెజవాడ ఆటోనగర్‌కి లారీని ముక్కలుగా తీసుకెళ్తే సాయంత్రానికి బస్సుగా తిరిగొస్తుందని పేరు. అక్కడ దొరకనిది ప్రపంచంలో లేదంటారు. మళ్లీ స్కూటరెక్కారు.

రహస్య విచారణ కదా అని బి.పి. తలకి తువ్వాలు చుట్టి, నల్లకళ్లద్దాలు పెట్టి, రైతు వేషం వేశాడు. కాళ్లకి మాత్రం మెరిసే బూట్లు. స్పేర్ల కొట్లో అడుగు పెట్టగానే, గల్లా దగ్గర కూర్చున్న హుమాయూన్ రండి రండి ఇన్‌స్పెక్టర్ సాబ్ అని కుర్చీ వేశాడు.

"ఎలా గుర్తుపట్టావు?" అన్నాడు బి.పి., కళ్లద్దాలు తీసి.

"కాలేజీ రోజుల్లో కంకిపాడు దగ్గర నన్ను మెడపట్టి బస్సు దించేశారు సార్. ఆ రోజు మూడు మైళ్లు నడిచా. నడిచినంతసేపూ ఈ మొహాన్నే తలుచుకున్నా. చాయ్ తాగుతారా?"

చాయ్ వచ్చింది. జయకృష్ణ ఊడదీసి పంపిన కార్బ్యురేటరుని హుమాయూన్ వెలుతురుకి పట్టి చూసి, ఏ మిషన్‌దని అడిగాడు. గ్రాస్ సుల్తాన్ అనగానే చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. ఆ సుల్తాన్‌కి వారసులు లేరు సార్, వాడి తర్వాత ఆ వంశమే అంతరించింది అన్నాడు. ఆ కంపెనీ వాళ్లు కంటైనరులో వచ్చారుట, అమ్ముకున్నారుట, పోయారుట. మిషన్ కొనాలంటే ముందు షోరూముకి కాదు, స్పేర్ల కొట్టుకి రావాలి. సంబంధం చూడ్డానికెళ్లి హాల్లో సోఫా చూసొస్తే ఎలా, వంటింట్లో పొయ్యి వెలుగుతోందో లేదో చూసుకోవద్దా అని అరగంట క్లాసు పీకాడు. చివరికి లోపలికెళ్లి, అటక మీంచి దుమ్ము కొట్టుకుపోయిన కార్బ్యురేటరు ఒకటి తెచ్చాడు. కాస్త అటూ ఇటూ గీస్తే అతుక్కుంటుందిట.

"ఇది దేనిది?" అన్నాడు శౌరయ్య.

"పత్తికి మందు కొట్టే మిషన్‌ది."

బి.పి. బల్ల మీద గుద్దాడు. "మందు కొట్టే అలవాటున్నదాన్ని పెట్టి, తూలి పడిపోతోందంటే ఇంకేం చెప్పను?"

హుమాయూన్ నవ్వి నవ్వి ఆగాక, అన్నట్టు అని ఇంకో సంగతి చెప్పాడు. ఇంతకుముందు ఇదే సుల్తాన్ గురించి ఇంకో పెద్దాయన వచ్చి వెళ్లాడుట. తెల్ల పంచె, భుజాన కండువా, ఎండలో నాలుగు వీధులూ తిరిగి తిరిగి ఈ కొట్టుకి వచ్చాడుట. పేరడిగితే చెప్పలేదు. పైగా నేనొచ్చి వెళ్లినట్టు ఎవరికీ చెప్పొద్దన్నాడుట.

బి.పి. శౌరయ్య భుజం పట్టుకున్నాడు. నేరస్థుడు ఆయుధం కోసం ఆటోనగర్ వచ్చాడని గొణిగాడు. తెల్ల పంచె, భుజాన కండువా అంటే జిల్లాలో సగంమంది అలాగే ఉంటారని శౌరయ్య అందామనుకున్నాడు. కానీ ఈసారి అతనికీ మనసులో ఏదో కలుక్కుమంది. సొంత మామగారే కోడలి కష్టానికి గండి కొడుతుంటే, రేపు ఆ పిల్లకి ఎవరు చెబుతారు?

కార్బ్యురేటరు బిగించారు. సుల్తాన్ లేచాడు, కోశాడు, మళ్లీ అంతే. రాత్రికి అక్కడే పడుకున్నారు.

తెల్లవారుతుండగా బి.పి. మాటు వేశాడు. పచ్చిక పక్కన ఫంక్షన్లకని తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎత్తుగా పేర్చి ఉన్నాయి. ఆ వరసల మధ్య ఒక కుర్చీలో ఇరుక్కుని కూర్చుని, మీద షామియానా గుడ్డ కప్పుకున్నాడు. శౌరయ్యని కొబ్బరిమొక్క వెనక నిలబడమన్నాడు. ఆ మొక్క శౌరయ్య మోకాలి దాకా ఉంది. అయినా ఆజ్ఞ ఆజ్ఞే కాబట్టి అతను దాని వెనక గొంతుక్కూర్చున్నాడు.

మంచు ఇంకా విడలేదు. వెంకటసుబ్బారావు తడిజుట్టుతో, ఉతికిన పంచెతో, పిల్లిలా నడుచుకుంటూ వచ్చాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఇంట్లో ఎవరూ లేవలేదని రూఢి చేసుకుని సుల్తాన్ మీదికి వంగాడు. వీపు అడ్డుగా ఉంది. చెయ్యి మాత్రం టాంకు మూత మీదికే వెళ్లింది. పెదాలు కదిలాయి. మళ్లీ అటూ ఇటూ చూసి, వచ్చినట్టే చప్పుడు లేకుండా వెళ్లిపోయాడు.

శౌరయ్య మొక్క వెనకనుంచి లేచి నిలబడ్డాడు. నిజమేనన్నమాట.

బి.పి. ఆగు అని లేవబోయాడు. ఆయన లేచాడు, ఆయనతోపాటు కుర్చీ కూడా లేచింది. కుర్చీ రెండు చేతుల మధ్య నడుము ఇరుక్కుపోయి, వెనకాల కుర్చీ తోకలా ఊగుతుంటే, షామియానా ఈడ్చుకుంటూ మిషన్ దాకా పరిగెత్తాడు. అప్పటికి వియ్యంకుడు వంటింటి గుమ్మంలో కాఫీ అడుగుతున్నాడు.

మూత మీద తడితడిగా, పచ్చగా వేలిముద్ర. అది పసుపండీ అన్నాడు శౌరయ్య. వేలిముద్ర దొరక్కుండా చేతికి పసుపు పూసుకొచ్చాడని బి.పి. వివరించాడు.

"దొరక్కుండా పూసుకుంటే ఇదేంటండీ?"

"నా తెలివికి దొరికింది. మామూలువాళ్లకైతే దొరికేది కాదు."

మూత విప్పి, దాన్ని జాగ్రత్తగా అరిటాకు ముక్కలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. వేలిముద్రని పెద్దది చేసి చూడాలి. ఉయ్యూరు బస్టాండు దగ్గర జిరాక్స్ కొట్టు అప్పుడే తీస్తున్నారు. కొట్టమ్మాయి వద్దు వద్దంటున్నా, ఆధారాన్ని నాలుగింతలు పెద్దది చేసి ఇవ్వమని మూతని బోర్లా అద్దం మీద పెట్టేశాడు. కాగితం మీద నల్లటి గుండ్రం ఒకటి వచ్చింది, చంద్రగ్రహణం ఫోటోలా. ఆ తర్వాత వచ్చిన ప్రతి కాగితం మీదా, ఎవరి ఆధార్ కార్డు పెట్టినా, అదే గ్రహణం. అద్దం తుడిచి, క్షమాపణ చెప్పి, లైన్లో నిలబడ్డవాళ్లందరికీ టీలిప్పించి బయటపడేసరికి శౌరయ్యకి పొద్దెక్కింది.

తిరిగొచ్చి పొలం గట్టు మీద స్కూటరు ఆపాక కూడా ఇంజను చప్పుడు వినిపిస్తూనే ఉంది. స్కూటరు కట్టేశానే అని శౌరయ్య తాళం చెవి చూసుకున్నాడు. చప్పుడు స్కూటరుది కాదు, సుల్తాన్‌ది.

పచ్చిక పచ్చికంతా పరిచిన తివాచీలా ఉంది. ఒక్క చివర కొంచెం మిగిలింది. జయకృష్ణ చెమటలు కక్కుతూ తోస్తూనే ఉన్నాడు. పొద్దున లేచి చూస్తే మూత లేదట. గడ్డిలో ఎక్కడో ఊడి పడిపోయిందనుకుని, పాత బనీను ముక్క టాంకు మూతికి దారంతో కట్టి, ఎలాగూ ఆగిపోతుందిలే అని తాడు లాగాడుట. అప్పట్నుంచి ఆగలేదుట. ఎందుకు ఆగట్లేదో తెలీదు, ఆపితే మళ్లీ లేస్తుందో లేదో తెలీదు. కాఫీ కూడా రామతులసి వెనకాలే నడుస్తూ నోట్లో పోసింది.

తను లేకుండా కేసు బాగుపడడం బి.పి. భరించలేకపోయాడు. అందర్నీ మిషన్ చుట్టూ నిలబెట్టాడు. జయకృష్ణని ఇంజను ఆపొద్దన్నాడు. వెంకటసుబ్బారావుని కూడా రప్పించాడు. అరిటాకు విప్పి, బనీను ముక్క పీకేసి, మూతని టాంకుకి బిగించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఇదిగో నేరస్థుడు చెయ్యి వేసిన మూత అన్నాడు. నేరాన్ని మూత వేసి దాచొచ్చుగానీ, మూత మీద వేసిన వేలు దాచలేరన్నాడు. చీకటి ఎంత చిక్కనైనా, చిక్కుముడి ఎంత చీకటైనా అంటూ ఇంకేదో అన్నాడు. చివరికి చెయ్యి చాపి వియ్యంకుడి గుండెలకేసి గురిపెట్టాడు.

"రోజూ తెల్లవారుతుండగా వచ్చి ఈ మిషన్ గొంతు నొక్కుతున్నది మీరే బావగారూ."

సుల్తాన్ దగ్గాడు, తుమ్మాడు, చచ్చాడు.

రామతులసి ముందుకొచ్చి మూత తిప్పింది. 'కుస్' మంది. తాడు లాగితే లేచింది. మూత బిగించి అందరూ కాపలా నిలబడ్డారు. కాసేపటికి మళ్లీ చచ్చింది. ఆమె మూతని అరచేతిలో పెట్టుకుని ఎగాదిగా చూసింది. మీద సరిగ్గా నడుమ, బొట్టు పెట్టడానికే చేశారా అన్నట్టు ఒక చిన్న గుంట. గాజులకున్న పిన్నీసు తీసి ఆ గుంటలో గుచ్చి తిప్పింది. పసుపు, దాని కింద కుంకం, దాని కింద మళ్లీ పసుపు, పొరలు పొరలుగా ఊడొచ్చాయి. చివరికి అటు పక్కనుంచి వెలుతురు కనపడింది. టాంకులోకి గాలి వెళ్లాల్సిన బెజ్జం అది. అది పూడుకుపోతే లోపల పెట్రోలు కదలదు. ముక్కూ నోరూ మూస్తే మనిషైనా ఎంతసేపు పనిచేస్తాడు?

మిషన్ నిండా బొట్లున్నా ఎవరికీ ఎందుకు అనుమానం రాలేదంటే, మన దేశంలో బొట్టు లేని మిషన్ కనపడితే అనుమానించాలి గానీ, ఉంటే ఎవడు చూస్తాడు?

"మీరేనా మామయ్యగారూ?" అంది రామతులసి.

పెద్దాయన కండువా సర్దుకున్నాడు. "పెడితే తప్పేంటి? మా బోరు దగ్గర ఆయిలింజనుకి జీవితమంతా పెట్టాను. ఒక్కరోజు మొరాయించలేదు."

"అది కాదండీ. చెరువు తవ్విస్తానన్నారు కదా. దీనికి బొట్టెందుకు పెట్టారు?"

ఆయన చేనుకేసి చూశాడు. ఈసారి బి.పి. కూడా కిటికీ ఊసెత్తలేదు.

"ఆగిపోకూడదని పెట్టానమ్మా" అన్నాడు.

నలుగురిలో అనేసిన మాట వెనక్కి తీసుకోలేకపోయాట్ట. కొడవలి పట్టుకుని ఎండలో కూర్చున్న కోడల్ని చూస్తే అన్నం సయించలేదుట. ఆటోనగర్ వెళ్లింది కూడా ఆయనేనట, ఏ సామాను దొరికినా తెచ్చి జయకృష్ణ పెట్టెలో పడేద్దామని. దొరక్కపోయేసరికి, చేతిలో ఉన్నవి పసుపు కుంకాలే కదా అని, అంతకంతకీ ఒత్తి పెట్టడం మొదలుపెట్టాట్ట. భక్తి పెరిగినకొద్దీ బెజ్జం పూడింది.

రామతులసి ఏడవబోయి నవ్వింది, నవ్వబోయి ఏడ్చింది. ఏది ముందొచ్చిందో శౌరయ్యకి సరిగ్గా తెలీలేదు, అతని కళ్లలోనూ ఏదో పడింది. బి.పి. మాత్రం ఊపిరి పీల్చుకుని, నేరస్థుడు ఈయనేనని నేను నిన్నటి నుంచీ మొత్తుకుంటున్నానని అందరికీ గుర్తుచేశాడు. అది నిజమే. మనిషిని సరిగ్గానే పట్టుకున్నాడు, నేరం ఒక్కటే దొరకలేదు.

అంతమంది తనకేసే చూస్తుంటే పెద్దాయనకి ఎక్కడ నిలబడాలో తోచలేదు. పంచె ఎగ్గట్టి, కొడుకుని పక్కకి జరగమని, మూత బిగించి, తాడు లాగి, సుల్తాన్ పిడి పట్టుకుని మిగిలిన చివరికేసి తోసుకుంటూ వెళ్లిపోయాడు. నాగలి పట్టిన చెయ్యి కదా, వరస వంకర పోలేదు.

అప్పుడే గేటు దగ్గర కారు ఆగింది. కనకలక్ష్మి అనుకున్నదానికన్నా ముందే వచ్చేసింది. వచ్చినావిడ నమస్కారాలు కూడా అవకుండా చెప్పులు విప్పి పచ్చిక మీద నడవడం మొదలుపెట్టింది. ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ మూల నుంచి ఈ మూలకి. రామతులసి వెనకాల నడుస్తూ ఆవిడ పాదాల్నే చూస్తోంది. జయకృష్ణ గ్రీజు చేతులు వెనక్కి పెట్టుకుని బిగుసుకుపోయాడు. ఆవిడ ఒకచోట ఆగి, వంగి, గడ్డిని అరచేత్తో నిమిరి చూసింది. తర్వాత ఇంజను చప్పుడొచ్చేవైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"గడ్డి చాలా బాగుందమ్మా. మా మనవరాలు సాయిశ్రీ కాళ్లకి హాయిగా ఉంటుంది. ఇక్కడే చేద్దాం" అంది. రామతులసి గుండెల్లోంచి ఊపిరి బయటికొచ్చేలోపే ఇంకో మాట కూడా అంది. "ఆ కోసే ముసలాయన్ని ఎక్కడ పట్టావోగానీ, ఎంత ఒద్దికగా కోస్తున్నాడు. ఈ రోజుల్లో ఇలాంటి పనివాళ్లు దొరకరు. ఫంక్షనయ్యేదాకా ఆయన్ని ఎక్కడికీ పోనివ్వకు."

రామతులసి నాలిక కరుచుకుంది. ఆయన పనివాడు కాదండీ, మా మామగారు, ఈ పొలం ఆయనదే అని చెప్పబోయి మామగారికేసి చూసింది. శౌరయ్య బి.పి. నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

వెంకటసుబ్బారావు అంతా విన్నాడు. సుల్తాన్‌ని ఆపాడు. ఒక మనిషి కావాలని ఆపితే సుల్తాన్ ఆగడం అదే మొదటిసారి. కండువాతో మొహం తుడుచుకుని, ఆవిడకి చేతులు జోడించాడు.

"నేనెక్కడికీ పోనమ్మా. రేపెవరో ఇక్కడ చెరువు తవ్వుతామని పొక్లెయిన్ వేసుకొస్తారు. వాళ్లని గేటు దగ్గరే ఆపి వెనక్కి పంపాల్సింది కూడా నేనే."

అని వంగి తాడు లాగాడు. ఒక్క లాగుకే లేచింది.